అసిరమ్మ లక్ష్మివారాలు

ఒకటో రోజు

ఈ పుస్తకం నాది కాదు, కోర్టు ఖర్చులు తేల్చే ఖర్చుల పీఠానిది. కొలతదారు పట్టాకి కూర్చున్న ప్రతివాళ్లూ ఒక కేసు తీసుకుని, దానికైన ఖర్చు కొలిచి, కొలిచిన తీరు ఏ రోజుకా రోజు రాసి అప్పజెప్పాలి. తర్వాత రాసిన మనిషి ఆ రాతకి తోడుగా నిలబడి అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాలి. కాబట్టి నిజమే రాస్తాను. మొదటి నిజం, ఈ వృత్తి అంటే నాకు గౌరవం లేదు.

మూడేళ్ల కిందట అచ్చుపడవ వాళ్లు ఎండుచేపలకి బదులుగా ఇచ్చిన కరపత్రాలు చదివాను. తిండి మానేసి మరీ చదివాను. న్యాయానికి వెల కట్టడమే మొదటి అన్యాయమని వాటిలో ఉంది. ఆ వెల కట్టే గూట్లోకే దూరి, లోపల్నుంచి దాన్ని పడగొడదామని ఇక్కడ చేరాను. నాకు పని నేర్పే గవరయ్య గారికి ఆ మాట మొదటి పూటే చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "మంచిదమ్మా నూకరత్నం. పడగొట్టేలోపు కాస్త కాళ్లు గీకు" అని ఇనప పార చేతికిచ్చారు.

మా మరలరేవులో ఇళ్లన్నీ నీళ్లలో కాళ్ల మీద నిలబడతాయి. కాళ్లకి గుల్లలు పడతాయి. గీకకపోతే గుల్లల వెనక పురుగు చేరుతుంది, పురుగు చేరాక ఇల్లు కూలుతుంది. వారంలో ఒక పూటైనా గీకని ఇల్లు పదేళ్లు నిలబడటం నేను చూడలేదు.

ఇక్కడ కేసు ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి ఖర్చు తిరిగివ్వాలి. డబ్బుగా కాదు, పూటలుగా. కేసు కోసం నువ్వు పోగొట్టుకున్న పూట ఒక్కోదానికీ అవతలివాళ్ల మనిషి ఒకడొచ్చి నీకు ఒక పూట పని చేసిపెట్టాలి. ఎన్ని పూటలో తేల్చేది కొలతదారు. తన ఒంటితో చేసి చూడని పనికి కొలతదారు పూట వెయ్యకూడదు. నిరుడు ఒక సాక్షి బురద దారిలో ఆరు మైళ్లు నడిచి వచ్చానన్నాడు. మోకాళ్ల లోతున ఆ ఆరు మైళ్లూ నేనూ నడిచాను. వెళ్లేటప్పుడు ఆయన్ని తిట్టుకున్నాను, వచ్చేటప్పుడు ఆయనకి ఇంకో పూట కలిపాను.

నాకు ఇవాళ ఇచ్చిన కేసు చోడిపిల్లి అసిరమ్మకీ, సముద్రంలో గాలిమరలు నడిపే మరల బోర్డుకీ మధ్యది. పద్నాలుగో గాలిమర కూలి ముప్పై ఒక్కమంది పోయిన సంగతి రేవులో తెలియనివాళ్లు లేరు. తుఫాను గాలిలో వాళ్లంతట వాళ్లే ఎక్కారని బోర్డు అంది. మేస్త్రి ఎక్కమన్నాడని అసిరమ్మ అంది. కోర్టు ఓడ తీరమంతా చుట్టి మా రేవుకి వచ్చేసరికి పదకొండేళ్లయింది. పోయిన నెల ఆమె గెలిచింది. ఆమె ఖర్చుల బిల్లులో ఒకే ఒక్క పద్దు ఉంది: సాక్ష్యం గుర్తుంచుకున్నందుకు, 572 పూటలు.

ఆశ్వయుజంలో గాలి తిరిగితే ఓడ వెళ్లిపోతుంది. ఈలోపు కొలత తేలకపోతే బిల్లు రద్దు.

రెండో రోజు

అసిరమ్మ ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. ఆమె గంజి పోసిచ్చింది. గిన్నెలో ఒక అంచు దాకా గంజి, రెండో అంచున రెండు వేళ్ల ఖాళీ.

"నువ్వేనా గుంటా, నా పూటలు కొలిసీది?"

"నేనే మామ్మా."

"ఎన్నేల్లే నీకు?"

"ఇరవై రెండు."

"మర కూలినప్పుడు పదకొండేల్ల దానివి. మీ వోల్లెవులైనా ఉన్నారేటి పైన?"

"లేరు."

"అయితే ఇను. మద్దిన్లో లెగకు."

యంత్రాలు పట్టిన బొమ్మల్నీ గొంతుల్నీ కోర్టు నమ్మడం మానేసి రెండు తరాలైంది. ఎవరి గొంతునైనా యంత్రంతో పుట్టిస్తుంటే నమ్మి చేసేదేముంది? చచ్చిపోయిన మా మావయ్య గొంతుతో ఎవడో నిన్న సంతలో పడవ జిగురు అమ్ముతున్నాడు. మా అత్త నిలబడి రెండు డబ్బాలు కొనుక్కుంది. కాబట్టి సాక్ష్యమంటే మనిషే. చూసినవాళ్లు చూసినట్టు నోటితో చెప్పాలి. కోర్టు పదే పదే చెప్పించుకుంటుంది, ఒక్క మాట అటూ ఇటూ అయితే సాక్ష్యం పోతుంది.

ఇదంతా నాకు తెలుసనే అనుకున్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టాకే నాకేమీ తెలియదని తెలిసింది.

ఆ పొద్దు ఆమె మర కింద పడవలో గంజికుండలతో ఉంది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మర కూలేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పడానికీ అంతసేపూ పట్టింది. నిచ్చెన ఎవరి తర్వాత ఎవరు పట్టుకున్నారు, ఎవరు ముందు ఎడంకాలు పెట్టారు, ఎవరి నడుం తాడుకి ముడి రెండోసారి పడింది, ఏ కెరటానికి ఆమె పడవ ఎటు తిరిగింది. ముప్పై ఒక్కమంది ఆమె నోట్లోంచి ఒక్కొక్కరే బయటికొచ్చి ఎక్కారు. మేస్త్రి మాట కూడా అలాగే వచ్చింది: "గాలి పడిపోయేదాకా కూకుంటే బోర్డు ఊరుకుంటాదేటి, ఎక్కండి." ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఇరవై మూడోవాడు గురువులు. మూడు మెట్లు ఎక్కి, కిందికి చూసి, "పైన సల్లగుంటాదర్రా, రండి" అని నవ్వాడు. ఇరవై నాలుగోవాడు ఎక్కాడు.

అయిపోయాక నా చేతులు మోకాళ్లకి అతుక్కుపోయి ఉన్నాయి. సముద్రం వైపు చూశాను. పద్నాలుగో మర మొండెం మీద కాకులు వాలి ఉన్నాయి. ఒక ముసలామె తల లోపల అది ఇంకా నిలబడే ఉంది.

లేచేటప్పుడు అడిగాను. "గురువులు ఎవరు మామ్మా?"

"నా కొడుకు" అంది, గిన్నె కడుగుతూ.

మూడో రోజు

572 పూటలూ వేసి సంతకం పెట్టి గవరయ్య గారి ముందు పడేశాను. ఆయన కళ్లజోడు తీశారు.

"ఎలా కొలిచావమ్మా?"

"కొలవడానికేముందండీ. విన్నాను కదా. ఆవిడకి రెండువేలు వేసినా తక్కువే."

"ఈ పూటలు వేసింది నీ జాలి. జాలితో వేసిన పూట అవతలివైపు భావనారాయణ ఊదితే ఎగిరిపోద్ది. అప్పుడు ఆవిడకి సున్నా."

సాక్ష్యాన్ని కొలిచే పద్ధతి అప్పుడు చెప్పారు. ముందు కొలతదారు ఆ సాక్ష్యాన్ని తను కంఠస్థం చెయ్యాలి. ఎన్ని పూటలు పట్టిందో రాయాలి. తర్వాత నలభై రోజులు దాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. నలభయ్యో రోజున సాక్షి ఎదుట కూర్చుని అప్పజెప్పాలి. ఏమైనా తప్పులుంటే పీఠం ముందు పెట్టాలి, వాటిని బట్టి పీఠం పూటలు కలుపుతుంది. ఏమీ తప్పు లేకపోతే, నేర్చుకున్న పూటలే మొత్తం ఖర్చు.

భావనారాయణ గారు బోర్డు తరఫు కొలతదారు. మధ్యాహ్నం పడవలో వచ్చి మా మెట్ల మీద కూర్చున్నారు, చుట్టం లాగా.

"చెల్లెమ్మా, నీ మంచికే చెబుతున్నాను. మర్చిపోడానికి ఖర్చయిందంటే ఒప్పుకుందును. కన్నకొడుకు చావు గుర్తుండటానికి ఖర్చేమిటి? అది ఉచితంగానే ఉంటుంది కదా."

ఆయన విప్పి పెట్టిన చెప్పుని సముద్రంలోకి తన్నాను. గవరయ్య గారు అందుకు శిక్షగా నా చేత ఆయన పడవ ఒక పూటంతా కడిగించారు. కడుగుతున్నంతసేపూ ఆయన ఒంటి చెప్పుతో పైన కూర్చుని, "ఆ మూల, చెల్లెమ్మా" అన్నారు. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం నాకు దొరకలేదు.

పన్నెండో రోజు

తొమ్మిది పూటలు. మొదటి పూటకి ఏడుగురు జ్ఞాపకంలో నిలిచారు, ఐదో పూటకి ఇరవైమంది. ఇవాళ తొమ్మిదో పూటకి పొద్దుపొడుపు నుంచి కూలడం దాకా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. అసిరమ్మ నా తల నిమిరి, "నీ బుర్ర సల్లగుండ" అంది. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

గవరయ్య గారు పుస్తకంలో తొమ్మిది అని రాశారు. ఆ అంకె చూశాక గాని నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. నా కొలత ప్రకారం ఆమె పదకొండేళ్ల విలువ తొమ్మిది పూటలు.

"తొంభై అని రాద్దామండీ."

"రాయొచ్చు. పీఠం నీకు ఇంకో సాక్ష్యం ఇచ్చి నేర్చుకోమంటుంది. అదీ తొమ్మిదింటికే నేర్చేసుకుంటావు. అబద్ధం దొరికితే బిల్లు మొత్తం కొట్టేస్తారు."

"అయితే నా తెలివి ఆవిడ కొంప ముంచిందన్నమాట."

"ఇంకా నలభై రోజులుంది కదా తల్లీ."

ముప్పయ్యో రోజు

పొద్దున్న గాలివానకి అసిరమ్మ ఇంటి ఈశాన్యపు కాలు విరిగింది. పార పట్టుకుని పరిగెత్తాను. ఆమె నడుం లోతు నీళ్లలో నిలబడి తాళ్లతో కట్టుకుంటోంది.

"దిగకు గుంటా. కొలిసీదానివి, నా ఇంటికి పన్జేస్తే లంచం అంతారు."

"అననియ్ మామ్మా."

"అలాగంతే నా పూటలు పోతాయి. ఒడ్డున కూకో."

కూర్చున్నాను. పురుగు తిన్న కాళ్లు లెక్కపెట్టాను. పన్నెండింటికి ఎనిమిది. వారానికో పూట ఆ కాళ్లకి ఎందుకు దక్కలేదో ఆమె నోటితోనే విన్నాను. ప్రతి లక్ష్మివారం పొద్దున్న ఆమె కిటికీ దగ్గర కూర్చుని సాక్ష్యం మొదట్నుంచి చివరిదాకా తనకి తనే చెప్పుకునేది. మిగతా రోజులు చేపల పని. చేపలు ఆగవు, సాక్ష్యం ఆగకూడదు, కాళ్లే ఆగాయి. కార్తీకంలో వాయుగుండం వస్తే ఈ ఇల్లు నిలబడదు. నలభై మంది కలిసి పది పదిహేను పూటలు పనిచేస్తే నిలబడుతుంది. తొమ్మిది పూటలకి ఒక్క కాలు కూడా మారదు.

సాయంత్రం కోర్టు ఓడ తనని లాగే గాలిపటాల్ని ఎగరేసి చూసుకుంటోంది. ఒక్కొక్కటీ మా వీధంత వెడల్పు. ఎర్రటివి పదహారు, ఒకదాని పైన ఒకటి, మబ్బుల్లోకి. రేవంతా పని ఆపి తలెత్తి చూసింది. వెళ్లే రోజు దగ్గరపడింది. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను.

యాభై రెండో రోజు

నలభై రోజుల్లో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మర్చిపోయి ఉంటే బాగుండునని వెళ్లాను. కానీ నోరు తెరవగానే అంతా వచ్చింది. ముప్పై ఒక్కమందీ, వరస తప్పకుండా, తాళ్లూ, కెరటాలూ. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఒక్క తప్పూ లేదు. ఆమె ఇల్లు నా నోటితో నేనే కూల్చాను.

అసిరమ్మ నా వైపు తిరిగింది.

"అందరూ వచ్చినారు. బాగా సెప్పినావు. గురువులు సేత మాత్రం ఒక మాట ఎక్కువ అనిపించినావు."

"ఏ మాట?"

"మళ్లీ సెప్పు."

చెప్పాను. గురువులు మూడు మెట్లు ఎక్కాడు. కిందికి చూశాడు. మేస్త్రి వైపు తిరిగాడు. "ప్రాణం మాది, మర మీది" అన్నాడు. పైన సల్లగుంటాదర్రా, రండి, అన్నాడు.

"ఆడు మేస్తిరి ఏపు తిరగనేదు. ఆ మాట అననేదు. ఆడు నవ్వినాడు. నీ గురువులు నవ్వనేదు."

"అన్నాడు మామ్మా. నువ్వు చెప్పావు. నాకు నీ గొంతు కూడా గుర్తుంది."

"నాను సెప్పనేదు."

వాదించాను. నిజంగా వాదించాను, ఆమె కొడుకు గురించి ఆమెతోనే. ఆమె కోపం తెచ్చుకోలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంటావేటి గుంటా. నాకూ లేని మాట మొలిసీది. పతి వారం మొలిసీది. ఒక వారం ఆడు మేస్తిరిని తిట్టీవోడు. ఒక వారం నన్ను సూసి అమ్మా అనీవోడు. ఒకపాలి నిచ్చెన దిగొచ్చీసినాడు. అదే నిజిమనిపించీది. పీకీసీదాన్ని. పీకీసి, నవ్వినాడు, ఎక్కినాడు, అని మళ్లీ మొదట్నుంచి సెప్పుకునీదాన్ని. కోర్టులో ఆ బోర్డు పిలీడరు ఆ నవ్వునే పట్టుకున్నాడు, నీ కొడుకు సరదాగా ఎక్కినాడు గదా, అని. సరదాగానే ఎక్కినాడు బాబూ, అన్నాను. ఆడు సరదా గుంటడు."

 

యాభై మూడో రోజు

నా పెట్టె అడుగున కరపత్రాలన్నీ తిరగేశాను. పదిహేడోదాంట్లో రెండో పేజీ. "ప్రాణం మాది, మర మీది." కింద గీత గీసి ఉంది. గీసింది నేనే.

ఒక చచ్చిపోయినవాడి నోట్లో నాకిష్టమైన మాట పెట్టాను. పెట్టానని నాకు తెలియను కూడా తెలియదు. నలభై రోజులు చాలాయి. ఆమె పదకొండేళ్లు, తన సొంత కొడుకు దగ్గర, ఒక్క మాట కూడా పెట్టలేదు.

గవరయ్య గారికి చెప్పాను. ఆయన నియమాల పుస్తకం తీశారు. అందులోంచి నియమం చదివి వినిపించారు. కొలతదారు అప్పజెప్పడంలో మాట జారిపోతే అది తరుగు. తరుగు అందరికీ ఉంటుంది, పట్టాకి అడ్డు రాదు. లేని మాట చేరితే అది కలుపు. కలుపు తేలిన అభ్యర్థికి ఆ ఏడు పట్టా లేదు.

"నవ్వు జారిపోయిందని మాత్రం చెబితే అది తరుగే అవుతుంది" అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. "పట్టా వస్తుంది. పీఠం ఆవిడకి యాభయ్యో అరవయ్యో వేస్తుంది."

"ఇల్లు నిలబడుతుందా?"

"చెప్పలేను."

"మీరైతే ఏం చేస్తారు?"

"నన్నడక్కు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు నేను తరుగు అనే చెప్పాను."

మూడేళ్లలో ఆయన నాతో చెప్పిన సొంత మాట అదొక్కటే.

యాభై ఆరో రోజు

పీఠం కోర్టు ఓడ పై అంతస్తులో కూర్చుంటుంది. పీఠం పెద్ద చిట్టెమ్మ గారు ఎనభై దాటినావిడ. నెత్తి మీద పదహారు గాలిపటాల తాళ్లు వీణ తీగల్లా మోగుతున్నాయి.

భావనారాయణ గారు లేచారు, కొత్త చెప్పులతో. "అభ్యర్థి సాక్ష్యాన్ని తొమ్మిది పూటల్లో నేర్చుకుంది. ఆమె రాతలోనే ఉంది. తల్లికి అంతకన్నా తక్కువే పట్టాలి."

నన్ను లేపారు. కలుపు అని చెప్పాను. ఏ మనిషి దగ్గర చేరిందో చెప్పాను. ఏ మాటో చెప్పాను. అది ఎక్కడిదో చెప్పి కరపత్రం బల్ల మీద పెట్టాను. 

"ఈ మాట ఉన్నట్టే నమ్మావా?" అన్నారు చిట్టెమ్మ గారు.

"సాక్షితోనే వాదించానండీ."

"నలభై రోజుల్లో."

"అవునండీ. నాకు అతనెవరో కూడా తెలీదు. ఆవిడకి కొడుకు. ఆ మాట మొలిస్తే కేసుకి మేలు కూడా. అయినా ప్రతి వారం పీకేసింది. భావనారాయణ గారు అడిగారు, గుర్తుండటానికి ఖర్చేమిటని. గుర్తుండటానికి ఖర్చు లేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచడానికి ఖర్చు."

భావనారాయణ గారు లేవబోయి, కరపత్రం వైపు చూసి, మళ్లీ కూర్చున్నారు.

చిట్టెమ్మ గారు ఇద్దరు సభ్యులతో చిన్నగా మాట్లాడారు. "వారానికో పూట న్యాయమే. ఐదువందల డెబ్బై రెండూ ఇస్తున్నాం."

అప్పుడు వెనక వరసలోంచి అసిరమ్మ లేచింది. "మూడు తీసీండమ్మా. బిల్లు రాసినాయన ఏల్లని వారాల్తో గునించీసినాడు. నా కాలిరిగిన ఏడు మూడు లచ్చివారాలు సెప్పుకోనేదు. మంచం మీద పడున్నాను."

 చిట్టెమ్మ గారు తన కలం తనే తీసి అంకె దిద్దారు. 569. దిద్దాక లేచి నిలబడ్డారు. పీఠం పెద్ద సాక్షికి లేచి నిలబడటం ఏ నియమంలోనూ లేదు. మేమంతా లేచాం, భావనారాయణ గారు కూడా.

నా పేరెదురుగా "ఈ ఏడు లేదు" అని రాశారు. ఆ గంటలో నాకది గుర్తు కూడా లేదు.

అరవై ఆరో రోజు

ఓడ వెళ్లిపోయింది. బోర్డు నలభై మందిని పంపింది. ఈశాన్యపు కాలు కొత్తది దిగింది. మిగతావి వచ్చే పాటులో, నీళ్లు తగ్గినప్పుడు, మారతాయి. అసిరమ్మ నీళ్లలోకి వంగి, "గట్టిగా గీకండర్రా, మీ అమ్మిల్లనుకోండి" అని అరుస్తోంది.

ఇవాళ లక్ష్మివారం. నన్ను చూసి పైకి పిలిచింది. కిటికీ దగ్గర కూర్చుంది. గంజి గిన్నెలో సమంగా లేదు, కాని మునుపటంత వాలుగానూ లేదు.

"కేసు అయిపోయింది కదా మామ్మా. ఇంకా చెప్పుకుంటున్నావా?"

"సెప్పుకుంతన్నాను. ఇప్పుడు పీకటం నేదు." ఆమె కిటికీ వైపు తిరిగింది. "మొలనీ. పదకొండేల్లు ఆడి నోరు నొక్కీసినాను. ఈ యేల ఆడికి ఏటనాలనుంతే అది అననీ. ఇంటావేటి?"

కూర్చున్నాను. ఆమె పొద్దుపొడుపు దగ్గర మొదలుపెట్టింది. ఇరవై రెండుమంది ఎప్పటిలాగే ఎక్కారు, తాళ్లు సరిచేసుకుని, కాళ్లు మార్చుకుని. గురువులు నిచ్చెన పట్టుకున్నాడు. మూడు మెట్లు ఎక్కి, కిందికి చూసి, నవ్వాడు. తర్వాత ఆమె గొంతు మొదటిసారి మారింది.

అతనేమన్నాడో ఈ పుస్తకంలో రాయడం లేదు. పీఠానికి దానితో పని లేదు. నేను దాన్ని కంఠస్థం చెయ్యను కూడా చెయ్యలేదు, ఊరికే విన్నాను.